మంచు పద్దు

బల్లార్షాల మే నెల.
డాబా మీద బకెట్టు నీళ్ళు గుమ్మరిస్తే
బుస్సుమని అక్కడికక్కడే ఆరిపోయింది.
ఇంకో బకెట్టు తెచ్చిండు ఓదెలు.
రెండో షిఫ్టు దిగొచ్చినోళ్ళం
చాప పర్సుకొని
మంచు ముచ్చట పెట్టినం.

పద్దు నా దగ్గరుంటది.
ల్యాంపు రూముల ఇరవై రెండేండ్ల సంది
బిళ్ళ తీస్కొని దీపమిచ్చే చెయ్యి,
ఎవరు దిగిన్రు, ఎవరింకా ఎక్కలేదు
నిద్రల లేపి అడిగినా చెప్తది.
అందుకే నెలకు రెండు వేలు
నా చేతుల పెడ్తరు.

"ఈసారి బూట్ల కిరాయి పెరుగుతదట."
పోయిన జనవరిల ఔలీల
మూడు రోజులకు పదిహేను వందలన్నడు పహాడీ పోరడు,
బేరమాడితే పదమూడుకు దిగిండు,
ఆఖరి పొద్దు సాక్సులు తడిసినయని
తలా యాభై కోసిండు.
మంచుల సాక్సు తడవక ఎండుతదారా అని
భూమక్క ఇప్పటికీ తిడుతనే ఉన్నది.

ఆ భూమక్కనే అన్నది,
నలుగురికి రెండు జతల కట్టెలు చాలు, వంతులేస్కుందామని.
ఆమె వంతొచ్చే యాల్లకు
పొద్దు గూకింది.
కిరాయి మాత్రం నలుగురి మీద సమానంగ పడ్డది.
ఆ లెక్క ఇంకా తెగలే.

ప్రహ్లాద్ మేశ్రామ్‌కు తెలుగు సగమే వస్తది,
పైసల కాడ మొత్తం వస్తది.
"పైన నెట్‌వర్క్ నాహీ బాయి, నగద్ పాహిజే" అని
బనీనుకు లోపటి జేబు కుట్టించుకున్నడు.
జారి పడ్డప్పుడల్లా
ముందుగాల రొమ్ము తడుముకుంటడు,
తర్వాతనే మోకాలు.

వాని బావమర్ది జోషిమఠ్‌ల మిలిటరీ బండి నడుపుతడు.
రమ్మంటే పోయినం, కంపినీ ఎల్టీసీ ఉండె,
అంతే, పిచ్చి పట్టింది.
మొదటి రోజు నేను చీదితె
తెల్లటి మంచు మీద నల్లగ పడ్డది.
పక్కనున్న ఢిల్లీ పిల్ల జడుసుకున్నది.
ఏం గాదు బిడ్డా, మా ఊరది, అన్న.

"బీమా రాయించాలె" అంటడు గట్టయ్య.
"మూడు వందల నలభై దండుగ" అంటది భూమక్క.
"బొగ్గుల పడితె కంపినీ ఇస్తది,
మంచుల పడితె నీ అయ్య ఇస్తడా?"
గట్టయ్య మడిమ మెలివడ్డేడు
డిస్పెన్సరీల మెట్ల మీద జారిన్నని చెప్పిండు.
ఏ మెట్లని డాక్టరు అడిగితే
మస్తు పొడుగుంటయి సార్ అన్నడట.
అందరం నవ్వినం. గట్టయ్య కొద్దిగ నవ్విండు.

పన్నెండు దాటింది, గాలి లేదు.
ఓదెలు గురక పెడ్తున్నడు.
గట్టయ్య నా చాప కొసకు జరిగి
గొంతు తగ్గించిండు:
"అక్కా, జులైల రిటైరు. ఎల్టీసీ ఇగ రాదు.
ఇంట్ల కూలరు మోటరు కాలిపోయింది,
ముసల్ది రాత్రంత కూసుంటున్నది.
నా మంచు పైసలు…"

మొత్తం అడుగుతడనుకున్న.
ఆరు వేలు చాలన్నడు.
"తక్కింది ఉండనీ. కట్టుడు ఆప.
వచ్చుడు రాకపోవుడు అప్పటి మాట."

పద్దు తీసిన.
అప్పు అని రాద్దామంటె చెయ్యి పోలేదు.
ఖర్చు అని రాస్తె మేశ్రామ్ ఊకోడు.
"గట్టయ్య, మంచు, ముందుగాల, ఆరు వేలు"
అని రాసి సంతకం పెట్టించిన.

వానికి ధైర్యమొచ్చినట్టున్నది.
లేచి, తడి డాబా మీద మోకాళ్ళు వంచి నిలవడ్డడు.
"మళ్ళ చెప్తున్న, మీకెవ్వలికీ ఆగుడు రాదు.
వేళ్ళు దగ్గరికి, మడిమలు ఎడం,
నాగలి మొన లెక్క. బరువు లోపటి దిక్కు.
తొందర పడొద్దు. కింద లోయున్నదని చూడొద్దు."
యాభై తొమ్మిదేండ్ల మనిషి
లుంగీ ఎగగట్టుకొని
నలభై ఆరు డిగ్రీల ఊర్ల
మెల్లగ, మస్తు మెల్లగ, ఆగిండు.

ఆ నాగలి అడుగులు రెండూ
నేను కూడిక చేసే లోపల్నే ఆరిపోయినయి.

చాయ పైసలు నలభై
ఇంకా ఎవ్వలు ఇయ్యలే.